కర్నూలు నుంచి హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌కి సొంత డబుల్ బ్యారెల్ తుపాకీ తీసుకుపోవచ్చా? ఏపీ లైసెన్స్ సరిపోతుందా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది కర్నూలు, విత్తనాల వ్యాపారం. నందికొట్కూరు వైపు పొలం ఉంది. మా నాయన ఆ పొలం కాపలాకని చాలా ఏళ్ళ కిందట 12 బోర్ డబుల్ బ్యారెల్ తీసుకున్నాడు. ఆయనకు 70 దాటినాక, రాష్ట్రం విడిపోయిన తర్వాత, వారసుడి కింద నా పేరుకు లైసెన్స్ మార్పించుకున్నా. అది ఇన్నాళ్ళూ బీరువాలోనే ఉంది. ఏడాదికోసారి నూనె పెట్టి తుడవడం తప్ప నేను దాన్ని పేల్చింది లేదు.

2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ట్రాప్ షూటింగ్ జట్టుకు బంగారు పతకం వచ్చింది కదా, అందులో మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ ఉన్నాడు. ఆ వీడియో చూసిన రోజు నుంచి మనసు దాని మీదే ఉంది. గాల్లోకి ఎగిరే ఆ క్లే పళ్ళేన్ని కొట్టి చూడాలని. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ లోపల 2002 జాతీయ క్రీడలకు కట్టిన రేంజ్ ఉంది కదా, అక్కడ నేర్పించే ఒకాయనతో మాట్లాడినా, రమ్మన్నాడు. నెలకు రెండు ఆదివారాలు పోదామని అనుకుంటున్నా.

నా డౌట్లు ఇవి. నా లైసెన్స్‌లో ఏరియా అన్నచోట ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ అని ఉంది. నాయన పాత పుస్తకంలో కూడా అదే మాట ఉండేది, అప్పట్లో హైదరాబాద్ అందులోనే కదా, మరి ఇప్పుడు చెల్లుతుందా? రెండోది, నా బావమరిది హైదరాబాద్‌లోనే ఉంటాడు, వచ్చే వారం ఇక్కడికి వస్తున్నాడు. తుపాకీ వాడి కారులో ముందే పంపించేసి నేను ఆదివారం బస్సులో పోతే తేలిక కదా అని ఆలోచన. మూడోది, మొదటిసారి ఇంట్లోవాళ్ళతో కలిసి కారులో పోయి, తిరుగు ప్రయాణంలో అమ్మ కోరిక ప్రకారం శ్రీశైలం దర్శనం చేసుకుని ఆత్మకూరు మీదుగా ఇంటికి రావాలని ఉంది. తుపాకీ డిక్కీలో ఉంటే ఏమన్నా ఇబ్బందా?

మన సీమ బండి, అందులో తుపాకీ అంటే చెక్‌పోస్టు దగ్గర ఎట్లా చూస్తారో తెలిసిందే. అందుకే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పెన్నహోబిలం (అనంతపురం)

అన్నా, నేను ఆరేళ్ళుగా ట్రాప్ ఆడుతున్నా. నీ మూడు ఆలోచనలూ ఇప్పుడున్నట్టుగా అయితే వద్దు. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తా.

మొదటిది ఏరియా. తుపాకీ లైసెన్స్ డ్రైవింగ్ లైసెన్స్ లాంటిది కాదు, దేశమంతా దానంతటదే చెల్లదు. పుస్తకంలో ఏ ప్రాంతం రాసుంటే అంతవరకే. 2014 జూన్ 2 ముందు పుస్తకంలో ఆంధ్రప్రదేశ్ అంటే ఆదిలాబాద్ దాకా, ఆ రోజు తర్వాత తుంగభద్ర బ్రిడ్జి దాకా. పాత పుస్తకం, పాత రాష్ట్రం అని వాదించేవాళ్ళను చూసినా కానీ నీది అట్లా కూడా కాదు, నీ లైసెన్స్ విభజన తర్వాత నీ పేరు మీద కొత్తగా ఇచ్చింది, కాబట్టి దాంట్లో ఆంధ్రప్రదేశ్ అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశే. బ్రిడ్జి దాటి పుల్లూరు టోల్‌గేట్ చేరేసరికి నువ్వు లైసెన్స్ షరతు మీరినట్టే. ఆయుధాల చట్టం సెక్షన్ 30 ప్రకారం షరతు మీరితే 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చిన్నదే అనిపిస్తుంది, కానీ ఆ ప్రాంతంలో నీకు లైసెన్సే లేదని పోలీసులు రాసుకుంటే కథ సెక్షన్ 25కి పోతుంది, 2019 సవరణ తర్వాత అక్కడ కనీసం 2 ఏళ్ళు, 5 ఏళ్ళ వరకు. అంత రిస్కు ఒక ఆదివారం ఆట కోసం ఎందుకు?

చేయాల్సింది కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. లైసెన్స్ ఇచ్చిన కలెక్టరేట్‌లోనే ఏరియా పెంచమని దరఖాస్తు పెట్టు. నాది కలెక్టరేట్ నుంచి రాష్ట్ర హోం శాఖకు పోయి వచ్చింది, మధ్యలో పోలీసు విచారణ మళ్ళీ జరిగింది. నాకు బెంగళూరు పని కూడా ఉంటుంది కాబట్టి కర్ణాటక, తెలంగాణ రెండూ ఒకే దరఖాస్తులో అడిగినా. నువ్వూ అట్లే అడుగు, మళ్ళీ రెండోసారి తిరిగే పని ఉండదు. ‘స్పోర్ట్స్ కోసం’ అని ఊరికే రాస్తే సరిపోదు, రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం, రేంజ్ వాళ్ళ ఉత్తరం జత చేయి. ఇంకో సంగతి, మీ నాయనది పొలం కాపలాకు ఇచ్చిన లైసెన్స్ కదా. నీ పుస్తకంలో కారణం అన్నచోట పంట రక్షణ అనే ఉంటే దాన్ని కూడా క్రీడకు మార్పించుకో, లేదా క్రీడను చేర్పించుకో. నీ పుస్తకంపై యూఐఎన్ నంబర్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉందో లేదో కూడా చూసుకో, అది లేని లైసెన్స్ చెల్లదు.

బావమరిది సంగతి ఈ పేజీలో ఇంకెవరన్నా చెప్తారేమో గానీ నా మాట ఒకటే, వద్దు.

ఇక శ్రీశైలం. దీన్ని చాలామంది పట్టించుకోరు, అందుకే కాస్త వివరంగా రాస్తా. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటినాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. శ్రీశైలం నుంచి దోర్నాల, అక్కడి నుంచి ఆత్మకూరు దాకా నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 31 ఒక్క వాక్యమే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలోకి పోకూడదు. నీ దగ్గర ఆలిండియా లైసెన్స్ ఉన్నా, తుపాకీ విప్పి పెట్టెలో పెట్టి తాళం వేసినా, నువ్వు పోయేది మల్లన్న దర్శనానికే అయినా, ఆ సెక్షన్ దృష్టిలో నువ్వు ఆయుధంతో పులుల అడవిలోకి వచ్చినవాడివి. ఫారెస్టు చెక్‌పోస్టులో డిక్కీ తెరవమంటే ఏం చెప్తావు? పైగా ఆ కేసు పోలీసులది కాదు, ఫారెస్టు వాళ్ళది.

కాబట్టి తుపాకీ ఉన్నరోజు నీ దారి 44వ జాతీయ రహదారి ఒక్కటే. కర్నూలు, గద్వాల్ అడ్డరోడ్డు, మహబూబ్‌నగర్ పక్కగా, హైదరాబాద్. తిరిగి అదే దారి. అమ్మను ఇంకోరోజు తీసుకుపో, పెట్టె ఇంట్లో పెట్టి.

మన జిల్లాల్లో ఇట్లాంటి రోడ్లు ఇంకా ఉన్నాయి. నంద్యాల-గిద్దలూరు ఘాట్ గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వైపు, కడప-బద్వేలు మధ్య లంకమల. సొంత రాష్ట్రంలోనే కదా అని వీటి గుండా కూడా తుపాకీతో పోవద్దు. నందికొట్కూరు అన్నావు కాబట్టి ఇంకోటి: రోళ్ళపాడు అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల నీ ఇల్లు ఉంటే ఆయుధ లైసెన్స్ ఉన్నవాళ్ళు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలని సెక్షన్ 34 ఉంది. కర్నూలు అడ్రస్ అయితే ఆ బాధ లేదు.

---

గండికోట అమ్మాయి వాళ్ళమ్మ (కడప)

బావమరిది విషయం నేను చెప్తా అన్నా, మా ఇంట్లో జరిగింది కాబట్టి.

మా పాప ట్రాప్ నేర్చుకుంటోంది. లైసెన్స్ మా ఆయన పేరు మీద. ఒకసారి తుపాకీ మూత సరిగ్గా పడట్లేదని రిపేరుకు ఇవ్వాల్సి వస్తే ఆయనకు ఆఫీసులో సెలవు దొరకలేదు, మా తమ్ముడు ‘నేను తీసుకుపోతాలే అక్కా’ అని లైసెన్స్ పుస్తకం కూడా పట్టుకుని బయలుదేరినాడు. దారిలో వాహన తనిఖీలో ఆపారు. పుస్తకం ఉంది, నంబర్ సరిపోయింది, కానీ పుస్తకంలో ఫోటో వాడిది కాదు. సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మా ఆయన పోయి సంతకాలు పెట్టేదాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కేసు కాలేదు, అది ఆ ఎస్సై గారి మంచితనం.

తర్వాత వకీలు దగ్గర చట్టం చదివించుకున్నాం. లైసెన్స్ లేనివాళ్ళు తుపాకీ మోయాలంటే లైసెన్సుదారు పక్కన ఉండాలి, లేకపోతే ఆయన రాసిచ్చిన కాగితం ఉండాలి. అది కూడా దేనికి? రిపేరుకు, లైసెన్స్ రెన్యువల్‌కు, లేదా లైసెన్సుదారు వాడుకోవడానికి తీసుకుపోతుంటేనే. మీ బావమరిది వారం ముందే తన ఇంటికి తీసుకుపోయి అక్కడ పెట్టుకుంటే అది మోయడం కాదు, దాచుకోవడం. కాగితం రాసిచ్చినా ఒప్పుకోరు. మీరు పోయేటప్పుడు మీతోనే రావాలి, మీతోనే పోవాలి.

పిల్లల విషయం ఎవరన్నా అడుగుతారేమోనని చెప్తున్నా, 21 నిండనివాళ్ళకు లైసెన్స్ రాదు. శిక్షణలో భాగంగా పెద్దవాళ్ళ పర్యవేక్షణలో రేంజ్‌లో పేల్చవచ్చు, అంతే. మా పాప మొదట రెండేళ్ళు ఎయిర్ రైఫిల్‌తో నేర్చుకుంది. .177 బోర్, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కరలేదు. చూపు, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు ఇవన్నీ అక్కడే కుదిరాయి.

---

రాళ్ళసీమ పొలం

ఇంత తతంగం ఎందుకు సార్, రాయచూరు వైపు మాకు తెలిసినవాళ్ళ చేలున్నాయి, ఒక ఆదివారం పోయి నాలుగు కౌజులు, పూరేళ్ళు కొట్టుకొస్తే ప్రాక్టీసూ అవుతుంది, రేంజ్ ఫీజూ ఉండదు. మా తాతలు అదే చేశారు.

---

పెన్నహోబిలం (అనంతపురం)

తాతల కాలంలో 1972 చట్టం లేదు తమ్ముడూ. కౌజు, పూరేడు రెండూ ఆ చట్టం కాపాడే పక్షులే, మన పొలంలో ఉన్నా, పక్కవాడి చేలో ఉన్నా. రాష్ట్రం దాటి పోయి పిట్టను కొడితే ఆయుధ చట్టం, వన్యప్రాణి చట్టం రెండూ ఒకేసారి తగులుకుంటాయి, తుపాకీ జప్తు, లైసెన్స్ రద్దు, కారు కూడా పోతుంది. ఒక్కడు చేసే ఇట్లాంటి పనికి క్రీడ కోసం దరఖాస్తు పెట్టుకునే ప్రతివాడినీ ఆఫీసుల్లో వేటగాడిలా చూస్తారు. రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కనపడక ఎన్నేళ్ళయిందో కర్నూలు వాళ్ళను అడుగు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. దయచేసి ఆ మాట ఇక్కడ రాయొద్దు.

---

ముచ్చుకోట (తాడిపత్రి)

తుంగభద్ర గట్టు అన్నా, కాగితాల సంగతి వాళ్ళు చెప్పేశారు, నేను తుపాకీ గురించి చెప్తా. మా నాన్న తుపాకుల రిపేరు పని చేసేవాడు, నేను ఆ బల్ల పక్కనే పెరిగినా.

ఆ తుపాకీని రేంజ్‌కి తీసుకుపోయే ముందు తెలిసిన మేస్త్రీకి చూపించు. పాత డబుల్ బ్యారెళ్ళలో కొన్నిటికి తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లే ఉంటుంది, ముఖ్యంగా పాత ఇంగ్లీషు తుపాకులకు. ఇప్పుడు రేంజ్‌లో వాడే తూటాలు 70. ఇక్కడ మోసం ఏందంటే 70 మిల్లీమీటర్లు అనేది పేలినాక మూతి విచ్చుకున్న పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి అది 65 గదిలోకి కూడా చక్కగా దూరుతుంది, మూత పడుతుంది, ఏ తేడా తెలియదు. పేల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం పగిలితే ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా దాని కిందే. గొట్టం అడుగున ప్రూఫ్ ముద్రలు ఉంటాయి, అవి నైట్రో పొడికి (ఇప్పటి తూటాల్లో ఉండే మందు) పరీక్షించినవో, పాత నల్లమందుకు మాత్రమే పరీక్షించినవో మేస్త్రీ చెప్తాడు. నల్లమందు ముద్ర ఒక్కటే ఉంటే దాన్ని జ్ఞాపకంగా దాచుకో, పేల్చొద్దు.

అసలు నా సలహా, మొదటి మూడు నాలుగు నెలలు సొంత తుపాకీ తీసుకుపోనే పోవద్దు. రేంజ్‌లో క్లబ్బు తుపాకులు ఉంటాయి, వాళ్ళ సమక్షంలో వాటితో నేర్చుకో. పక్కపక్క గొట్టాలున్న పాత తుపాకీ ట్రాప్‌కు అనువు కాదు, అక్కడ అందరూ వాడేది పైనొకటి కిందొకటి గొట్టాలుండేది. ఏరియా అనుమతి వచ్చేలోపు నీకు ఆట మీద ఇష్టం నిలబడుతుందో లేదో కూడా తెలుస్తుంది.

తూటాల లెక్క కూడా ఇప్పుడే వేసుకో. ట్రాప్‌లో ఒక రౌండు అంటే 25 క్లేలు, ఒక్కో క్లేకు రెండు దెబ్బలు వేయొచ్చు. కొత్తవాడికి రెండో దెబ్బ చాలాసార్లు పడుతుంది. అంటే రౌండుకు 40 తూటాలు అనుకో. రోజుకు మూడు రౌండ్లు ఆడితే 120. నీ లైసెన్స్‌లో రెండు అంకెలు ఉంటాయి, ఒకేసారి దగ్గర ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అని. మామూలు లైసెన్స్‌కు ఉండే కోటా రెండు ఆదివారాలకే అయిపోతుంది. కారులో ఎప్పుడూ ఆ మొదటి అంకె దాటకూడదు, ఒక్క తూటా ఎక్కువున్నా అది వేరే నేరం. క్రీడాకారుల కోటా వేరుగా ఉంటుంది, అది అసోసియేషన్ ద్వారానే వస్తుంది.

---

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ చేతులెత్తి దండం. బావమరిదికి ఫోన్ చేసి చెప్పేసినా. శ్రీశైలం వేరే వారానికి మార్చినా, అమ్మ ముందు అలిగింది, పులుల అడవి, కేసు అని చెప్పినాక ఒప్పుకుంది. ఈ రోజు పుస్తకం తీసి చూస్తే కారణం అన్నచోట నిజంగానే పంట రక్షణ అనే ఉంది. యూఐఎన్ నంబర్ ఉంది. తూటాలు 50 ఉంచుకోవచ్చు అని రాసుంది.

ఇంకో రెండు అడుగుతా. అనుమతి వచ్చినాక కారులో ఎట్లా పెట్టాలి? రాత్రి ఉండాల్సి వస్తే లాడ్జిలో పెట్టుకోవచ్చా?

---

పెన్నహోబిలం (అనంతపురం)

కారులో ఎట్లా అంటే, గొట్టం, ముందు కర్ర, వెనక కట్టె మూడూ విడదీసి గట్టి పెట్టెలో, తాళం వేసి, డిక్కీలో. బయటికి తీసినా పూర్తిగా కప్పి ఉండాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం. తాళాలు నీ జేబులో. అసలు లైసెన్స్ పుస్తకం, ఆధార్, రేంజ్ వాళ్ళు తేదీ వేసి ఇచ్చిన ఉత్తరం ఒక కవర్‌లో ముందు సీటు దగ్గర పెట్టుకో. ఎన్ని తూటాలతో బయలుదేరావో ఒక చీటీ మీద రాసుకో, ఖాళీ తొడుగులు ఏరుకుని వెనక్కి తెచ్చుకో, లెక్క అడిగితే చూపించొచ్చు.

పుల్లూరు దగ్గర గానీ, మావాళ్ళకు బాగేపల్లి ముందు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర గానీ ఆపితే, వాళ్ళు డిక్కీ తెరిచి చూసేదాకా ఆగొద్దు. అద్దం దించి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, ‘సార్, లైసెన్స్ ఉన్న స్పోర్ట్స్ గన్ డిక్కీలో ఉంది, ఖాళీగా ఉంది, కాగితాలు ఇవిగో’ అని ముందే చెప్పు. పెట్టె వాళ్ళు తెరవమన్నాకే తెరువు. నన్ను ఆపిన ప్రతిసారీ ఇట్లా చెప్తే పది నిమిషాల్లో పంపించేశారు. మధ్యలో భోజనానికి ఆగితే కారును కంటికి కనపడేచోట పెట్టు, ఒకరు కారులోనే ఉంటే ఇంకా మంచిది.

లాడ్జిలో వద్దు. క్లబ్బు ఆయుధాల గదిలో గానీ, దాచడానికి లైసెన్స్ ఉన్న తుపాకుల డీలర్ దగ్గర గానీ రసీదు తీసుకుని పెట్టు. కర్నూలు నుంచి మూడున్నర గంటల దారి, తెల్లారుజామున నాలుగుకు బయలుదేరితే రాత్రికి ఇంట్లో ఉంటావు, నేనైతే అట్లే చేస్తా. ఎప్పుడన్నా 30 రోజులకు మించి హైదరాబాద్‌లోనే తుపాకీతో ఉండాల్సి వస్తే ఇక్కడి లైసెన్స్ అధికారికి, అక్కడి అధికారికి ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి, అది లైసెన్స్ షరతుల్లోనే ఉంటుంది, పుస్తకం వెనక చదువు.

ఎన్నికల సంగతి మర్చిపోయా. కోడ్ వచ్చినప్పుడు తుపాకులు డిపాజిట్ చేయమంటారు, 2024లో మనందరం చేశాం. పోటీలకు పోయే రైఫిల్ అసోసియేషన్ సభ్యులకు మినహాయింపు ఇస్తారు కానీ దానికి కాగితం చేతిలో ఉండాలి. మనం చూసుకోని చిక్కు ఏందంటే మనకు కోడ్ లేకపోయినా అవతలి రాష్ట్రానికి ఉండొచ్చు. 2023లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు అక్టోబర్ 9 నుంచి బ్రిడ్జి అవతల కోడ్, ఇవతల ఏమీ లేదు. బయలుదేరే ముందు రెండు వైపులా చూసుకో, పంచాయతీ ఎన్నికలతో సహా.

---

గండికోట అమ్మాయి వాళ్ళమ్మ (కడప)

దరఖాస్తు పెట్టినాక రసీదు నంబర్ జాగ్రత్త అన్నా. మాది ఒకసారి ఫైలు కనపడట్లేదన్నారు, రసీదు చూపిస్తే దొరికింది. గచ్చిబౌలి రేంజ్‌కి మేము వచ్చే నెల రెండో ఆదివారం వస్తాం, పాప ఉంటుంది. మీరు క్లబ్బు తుపాకీతో మొదలుపెడితే అప్పటికి రండి, కోచ్ గారికి పరిచయం చేస్తా.

---

తుంగభద్ర గట్టు (కర్నూలు)

తప్పకుండా వస్తా అక్కా, ఉత్త చేతులతోనే వస్తా, బస్సులో. సోమవారం కలెక్టరేట్‌కి పోతున్నా, తెలంగాణ, కర్ణాటక రెండూ రాసి. తుపాకీ మేస్త్రీకి చూపించి గది పొడవు ఎంతో ఇక్కడే చెప్తా, ముచ్చుకోట అన్న చూస్తూ ఉండు.